పెదవి దాటని వార్త

బుధవారం మధ్యాహ్నం పత్రికాఫీసు క్యాంటీన్‌లో ఉన్నవాళ్ళంతా కలవారే. జేబుల్లో కాదు లెండి, మాటల్లో. ఒకాయన కారు కొన్నాడు. ఇంకొకాయన ఇంటి మీద అంతస్తు లేపాడు. మూడో ఆయన మేనేజరు మొహాన రాజీనామా కూడా కొట్టి వచ్చాడు. ఇంతా చేసి ముగ్గురూ రెండు టీలు తెప్పించుకుని పంచుకు తాగారు.

వాళ్ళను అనడానికి లేదు. ఏళ్ళ తరబడి బోనసు అడిగినప్పుడల్లా యాజమాన్యం చేతిలో పెట్టిన వాటా కాగితాలు అవి. బీరువాల్లో చీరల కింద పడి ఉన్నవి ఉన్నట్టుండి ప్రాణం పోసుకుని లేచి కూర్చున్నాయి. పత్రికను కొంటామని ఇద్దరు పోటీపడి వచ్చారు మరి. మొదట టీవీ ఛానళ్ళ కంపెనీ వాళ్ళు వాటాకు అరవై ఇస్తామన్నారు. మరుసటి వారం ఫోన్ల కంపెనీ వాళ్ళు డెబ్బై ఐదన్నారు. వాళ్ళు ఎనభై ఐదంటే వీళ్ళు తొంభై అన్నారు. తొంభైకి అమ్మదలచినవాళ్ళు ఫారం నింపి శుక్రవారం సాయంత్రం ఐదులోగా కింది అంతస్తులో పెట్టిన కౌంటర్లో ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళు మాత్రం కనపడటం లేదు. సోమవారం టీవీ వాళ్ళు నూట పది అనబోతున్నారని గాలి వార్త.

“పిల్ల ఒకతే, పెళ్ళివారు ఇద్దరు,” అన్నాడు టీ పోసే ముసలాయన. “ఇంక మనకేం లోటు.”

“పిల్లనెవరూ అడగలేదుగా,” అంది కళ్ళజోడక్క.

కళ్ళజోడక్క అంటే ప్రూఫులు దిద్దే ఆవిడ. అసలు పేరు జీతాల చిట్టాలో ఉంటుంది, ఆఫీసులో ఎవరికీ దాంతో పని లేదు. ఇరవై ఆరేళ్ళుగా రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఆమెది. అచ్చుకు వెళ్ళే ప్రతి పేజీ ఆ బల్ల మీద ఆగి, మూల ఆమె సంతకం పడ్డాకే కదులుతుంది. రేపు ఊరంతా చదవబోయేది ఈ రోజే చదివేసి, ఏమీ ఎరగనట్టు బస్సెక్కి ఇంటికి పోయే మనిషి. ఆ ఆఫీసులో చాలామంది నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె నోట్లో బస్తా పోసినా ఒక్క గింజ బయట పడదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎదురుగా కూర్చున్నది తమ్ముడు. వాడూ ఆ ఆఫీసు మనిషే, నిరుటి దాకా. అచ్చు బయటికిచ్చేసి మిషన్లు పాత ఇనుముకి అమ్మేసినప్పుడు, మిషన్లతో పాటు కదిలిన పద్నాలుగు మందిలో వాడొకడు. చేతికొచ్చిన సొమ్ముతో, ఈ పోటీ మొదలయ్యాక, ఎనభై చొప్పున మరికొన్ని వాటాలు కొన్నాడు. ఎందుకు కొన్నావురా అని అక్క ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

“ఆ అమ్మకానికున్న మిషను మొన్న మళ్ళీ చూసొచ్చానక్కా,” అన్నాడు వాడు. మాట్లాడుతూ ఫారం కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతున్నాడు. కాగితం దొరికితే మందం చూడటం వాడి చేతికి అలవాటు. “రెండు రంగుల ఆఫ్‌సెట్. అమ్మేవాడు రోలర్లు కొత్తవేశాడు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, మందుల డబ్బాల లేబుళ్ళు, ఏదైనా కొట్టొచ్చు. మంగళవారం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.”

“అయితే ఫారం ఇచ్చెయ్. తొంభైకి మిషను వస్తుందిగా.”

“మిషను వస్తుంది. దాన్ని నా నెత్తిన పెట్టుకోనా? నూట పదైతే మిషనూ వస్తుంది, షెడ్డూ వస్తుంది. సోమవారం దాకా ఆగితే సరిపోయేదానికి తొందరెందుకు?”

“ఇల్లలకగానే పండగ కాదురా.”

“ఇల్లే లేదు, అలకడం దాకా ఎక్కడ,” అని నవ్వాడు వాడు. “నువ్వు సామెతలు చెప్పకు గానీ, ఆ టీ తాగు. చల్లారిపోయింది.”

ఆమె తాగింది. తన ఫారం కూడా అప్పటికి నింపి సొరుగులో పెట్టుకుంది. ఆమె వాటాలు పెద్ద లెక్కలోవి కావు. వాడివే లెక్క. వాడికి నలభై ఏడేళ్ళు, మిషను తప్ప మరో పని రాదు, ఏడాదిగా ఇంట్లో మంచినీళ్ళ మోటారు విప్పి బిగించి కాలం గడుపుతున్నాడు. ఈ బేరం కుదిరితే వాడు మళ్ళీ మనిషవుతాడు. అదీ ఆమెకున్న ఆశ.

శుక్రవారం వ్యాపారం పేజీ మూడూ నలభైకి వచ్చింది. రోజూ ఆ పేజీని ప్యూను తెచ్చి బల్ల మీద పడేసి పోతాడు. ఆ రోజు ఆ పేజీ చూసే తెల్ల మీసాల పెద్దాయనే స్వయంగా పట్టుకొచ్చాడు. ఆయన్ని అందరూ బజారు మాస్టారంటారు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఎర్ర కలం చేతికిచ్చి, “పెదవి దాటితే పృథివి దాటుతుందమ్మా, అదొక్కటి గుర్తుంచుకో,” అన్నది ఈయనే. అప్పట్నుంచీ ఆ గదిలో అదే శాసనం. గదిలోకి వచ్చేవాళ్ళు సెల్‌ఫోను గుమ్మం పక్క చెక్క అరలో పెట్టి రావాలి.

“ఇది నువ్వే చూడు,” అన్నాడు మాస్టారు. “ఆరింటి దాకా గడప దాటకూడదు.” పేజీ నెత్తిన ఆ మాటే పెద్దక్షరాలతో రాసి కింద గీత కూడా గీశారు. ఆయన కిటికీ దగ్గరికి పోయి వీధి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె స్కేలు తీసి మొదటి పంక్తి కింద పెట్టింది. పని చేసేటప్పుడు ఆమె ముందు అక్షరాలు చూస్తుంది, తర్వాత మాటలు చూస్తుంది. అర్థం చివర్న, అదీ ఓపికుంటే. అందుకే స్కేలు మూడు పంక్తులు దిగేదాకా ఆమెకేమీ తెలియలేదు. నాలుగో పంక్తి దగ్గర స్కేలు ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది, ఈసారి మామూలు మనుషులు చదివినట్టు చదివింది.

రెండు కంపెనీలూ కలిసి ఇచ్చిన ప్రకటన అది. టీవీ వాళ్ళు పత్రిక కొనుగోలు పోటీ నుంచి తప్పుకుంటున్నారు. అందుకు బదులుగా ఫోన్ల కంపెనీ తన చేతిలో ఉన్న మూడు సినిమా ఛానళ్ళనూ టీవీ వాళ్ళకు అప్పగిస్తుంది. పత్రిక మీద పెత్తనానికి కావలసినన్ని వాటాలు యజమాని, మరో ఇద్దరు పెద్దల దగ్గరే ఫోన్ల కంపెనీకి దొరికాయి. శుక్రవారం ఐదు గంటల గడువు తర్వాత మరో ప్రతిపాదన ఉండదు.

ఇంత కాలం కొమ్ములు కలిపి కుమ్ముకున్నవాళ్ళు చల్లగా కూర్చుని పంచుకున్నారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆంబోతులు రాజీపడితే మాత్రం లేగలకు ఒరిగేదేముంది? నూట పది లేదు. ఐదు దాటితే తొంభై కూడా లేదు. ఆ తర్వాత ఆ కాగితాలు ఎవరికీ అక్కర్లేదు.

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. కౌంటర్ కిందే ఉంది, ముప్ఫై రెండు మెట్లు. సొరుగులో తన ఫారం ఉంది. ఆమె సొరుగు వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. చదివింది వాడుకుంటే దొంగతనమే అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మళ్ళీ స్కేలు పట్టుకుంది.

నాలుగూ ఇరవైకి బల్ల మీది ఫోను మోగింది.

“అక్కా, నేను. కింద కౌంటర్ దగ్గరున్నా. నా ముందు ముగ్గురే ఉన్నారు.”

“ఊ.”

“ఫారం చేతిలోనే ఉంది. ఇవ్వనా, ఉంచనా? పొద్దుటినుంచీ మనసు ఒకచోట నిలవట్లేదు. నీ మరదలు ఇచ్చేయమంటోంది. ఇక్కడేమో అందరూ సోమవారం దాకా ఆగమంటున్నారు.”

“నన్నడుగుతావేంట్రా.”

“నువ్వు చెప్పవని నాకు తెలుసు. చెప్పొద్దు కూడా. నీ ఉద్యోగానికి మాట రానివ్వను.” వాడి గొంతు తగ్గింది. “అక్కడేమన్నా ఉంటే ఒక్కసారి దగ్గు. అంతే. దగ్గావా, ఫారం ఇచ్చేసి నా దారిన నేను పోతా. దగ్గలేదా, ఏమీ లేదనుకుని ఉంచేస్తా.”

ఫోన్లోంచి కౌంటర్లో స్టాంపు గుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆగి ఆగి, టప్పు, టప్పు. మాస్టారు కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగి చూస్తున్నాడు. ఆయన చూస్తే మాత్రం ఏం, దగ్గు దగ్గే. దుమ్ము పడి దగ్గొచ్చిందంటే కాదనేదెవరు? ఎర్ర కలం పట్టుకున్న ఇరవై ఆరేళ్ళూ ఒక్క దగ్గుతో పోతాయా? పోతాయనే ఆమెకు తోచింది. ఆ గదిలో మాట బయటికి పోకూడదు. దగ్గయినా అది మాటే. అలా అనుకుంది. అందులో నియమమెంత, భయమెంత అని తర్వాత ఆమె చాలాసార్లు తన్ను తాను అడిగి చూసుకుంది. ఆ క్షణంలో మాత్రం రెండూ ఒకటే అయ్యాయి.

నిజంగానే గొంతులో గరగర పుట్టింది. పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది.

“వింటున్నావా?”

“వింటున్నాన్రా.”

వాడు ఇంకాసేపు ఆగాడు. స్టాంపు మరోసారి పడింది.

“సరేనక్కా. ఏం లేదన్నమాట. బతికించావు,” అని ఫోను పెట్టేశాడు.

ఆమె పేజీలో మిగిలిన పంక్తులు చూసింది. రెండు తప్పులు దొరికితే దిద్దింది. మూల సంతకం చేసి మాస్టారి చేతికిచ్చింది. “చక్కగా చూశావు,” అన్నాడాయన. ఐదింటికి కింద కౌంటర్ షట్టరు దించిన చప్పుడు రెండో అంతస్తుకి స్పష్టంగా వినిపించింది. ఆమె తర్వాతి పేజీ ముందుకు లాక్కుంది.

శనివారం పొద్దున ఆఫీసు మెట్ల మీద మనుషులు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ సొంత పత్రికే. కారు కొన్నాయన, అంతస్తు లేపినాయన గోడకానుకుని వ్యాపారం పేజీ మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. టీ పోసే ముసలాయన ఒక్క హాస్యం కూడా ఆడలేదు.

కింది అంతస్తులో కౌంటర్ కుర్రగుమాస్తా బల్ల మడతపెడుతున్నాడు. బయటి కంపెనీ మనిషి, ఈ ఆఫీసు గొడవలతో వాడికి పని లేదు. కళ్ళజోడక్కను చూసి, “మీరు రాలేదేంటండీ మేడమ్?” అన్నాడు. “మూడో అంతస్తు వాళ్ళంతా వచ్చారుగా. నిన్న మధ్యాహ్నం భోజనాలు కూడా మానుకుని మరీ వచ్చారు. నాకూ తిండి లేకుండా చేశారు.”

“ఎవరెవరు?”

“మేనేజరుగారు, ప్రకటనల పెద్దసారు, ఆయన తమ్ముడు. తెల్ల మీసాలాయన ఒకరున్నారే, వ్యాపారం పేజీ ఆయన. మూడో టోకెను ఆయనదే.”

ఆమె మెట్లెక్కింది. ముప్ఫై రెండు మెట్లూ ఎక్కి రెండో అంతస్తులో ఆగకుండా మూడో అంతస్తుకు పోయింది. ఎందుకు పోతున్నదీ తెలియదు, కాళ్ళు పోయాయి. బజారు మాస్టారు తన బల్ల దగ్గర కత్తెరతో పాత పత్రికల్లోంచి వార్తలు కత్తిరిస్తున్నాడు. అంచులు వంకర పోకుండా, ఒక్కొక్క ముక్కా తీరుగా కత్తిరించి అట్ట మీద పెడుతున్నాడు.

“మాస్టారూ, మీరు ఫారం ఇచ్చారటగా.”

“ఇచ్చాను.”

“నిన్న మధ్యాహ్నమే?”

“ఒంటిగంటకి. ప్రకటన పన్నెండింటికి వచ్చింది.” ఆయన కత్తెర ఆపలేదు. “నువ్వెందుకివ్వలేదు? గంటా ఇరవై నిమిషాలు టైముందిగా నీకు.”

“వార్త చేతిలో పెట్టుకుని ఎలా ఇస్తానండీ?”

“ఎలా ఏముంది. మెట్లు దిగి ఇస్తావు.”

“గడప దాటకూడదని మీరే కదా అన్నారు.”

“వార్త దాటకూడదన్నాను. నిన్ను దాటొద్దన్నానా?” ఆయన తలెత్తి, నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “చూడమ్మా, నేనెవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవిడక్కూడా చెప్పలేదు. నా వాటాలు నేను ఇచ్చుకున్నాను. చెప్పడం వేరు, చేసుకోవడం వేరు. ఇన్నేళ్ళున్నావు, ఆమాత్రం తెలియకపోతే ఎలా?”

“కంచే చేను మేస్తే ఇంకేం చెప్పాలి మాస్టారూ.”

“చేను మనది కాదు కదమ్మా,” అన్నాడాయన మెత్తగా. “ఎవరో ఒకరు మేసేదే.” మళ్ళీ కత్తెర అందుకున్నాడు. “నీ నోటి గట్టితనం గురించి కొత్తవాళ్ళతో కూడా చెప్పాను. ఉద్యోగాలు తీసేస్తారంటున్నారు గానీ, నిన్ను ఉంచుతారు. దిగులు పడకు.”

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఆ అట్ట, ఆ ముక్కలు, ఆ కత్తెర అన్నీ ఎత్తి కిటికీలోంచి పారేయాలనిపించింది. పారేయలేదు. కిందికి దిగి తన బల్ల దగ్గర కూర్చుని, సినిమా పేజీ వస్తే అది చూసింది. దొంగలు, దొంగలు అని సాయంత్రం దాకా మనసులో తిట్టుకుంది. తిట్టినంతసేపూ కొంత హాయిగానే ఉంది. బస్సులో కూర్చున్నాక ఆ హాయి దిగిపోయింది. మాస్టారు దొంగే కావచ్చు, కానీ తమ్ముడు దగ్గమని అడిగింది మాస్టారిని కాదు.

సోమవారం వాటా ధర నలభై ఎనిమిదికి దిగింది. మంగళవారం ముప్ఫై ఒకటి. ఆ సాయంత్రం ఆమె తమ్ముడింటికి వెళ్ళింది. శుక్రవారం నుంచీ వాడు ఫోను చేయలేదు, తనకూ చేయబుద్ధి కాలేదు. ఇంకా ఆగితే ఎప్పటికీ వెళ్ళలేనని అర్థమై వెళ్ళింది.

మరదలు తలుపు తీసి, “రా వదినా,” అని కుర్చీ చూపించింది. మొహం ఉబ్బి ఉంది. తమ్ముడు పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో చేతుల సిరా తుడుచుకుంటున్నాడు. ఏడాది తర్వాత వాడి చేతుల మీద సిరా చూడటం. ఆమెకు ఒక్క క్షణం ఎక్కడ లేని ఆశ పుట్టింది.

“మిషను కొన్నావా?”

“ఆ, కొన్నారు. నేను కాదు.” గోళ్ళ సందుల్లో గుడ్డ కొస పోనిచ్చి రుద్దుతున్నాడు వాడు. “నా వల్ల కాదని శనివారమే చెప్పేశా. బిల్లు పుస్తకాల వ్యాపారి ఒకాయన నిన్న పొద్దున్నే డబ్బు కట్టేసి పట్టుకుపోయాడు. ఆయనకు అది నడపడం రాదు. నన్ను రమ్మన్నాడు. రోజు కూలీ. మిషను అదేనక్కా, రోలర్లు అవే. బాగానే పలుకుతోంది.”

“నెలకు ఇంతని కూడా అడగలేకపోయారు,” అంది మరదలు గుమ్మంలోంచి. “మిషను దగ్గర నిలబడనిస్తే చాలనుకున్నారు.”

“ఊరుకోవే.” వాడు అక్క వైపు తిరిగాడు. ఆమె మొహం చూసి వాడికే జాలేసినట్టుంది. “నువ్వెందుకక్కా అలా అయిపోయావు? రెండ్రోజుల్నించీ తిండి మానేసినట్టున్నావు. నీ తప్పేముంది ఇందులో. నీకు చివర్నే తెలుస్తుందని నేను దీనికి చెబుతూనే ఉన్నా. పైవాళ్ళు అంతా ముందే చక్కబెట్టుకుని, అంతా అయ్యాక మీ గదికి పంపుంటారు. నీకే తెలిసుంటే, దగ్గడం ఏంటి, మెట్లు దిగొచ్చి నా చెవి పట్టుకుని ఫారం ఇప్పించేదానివి.”

మరదలు కాఫీ తెచ్చి ఆమె చేతికిచ్చింది. “అవును, వదినను అనడానికి లేదు,” అంది.

తప్పుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. తల ఊపి, కాఫీ తాగి, పైవాళ్ళను నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోవచ్చు. తిట్లకు కావలసినంత సరుకూ ఉంది, మూడో టోకెను సంగతి చెబితే ముగ్గురూ కలిసి తిట్టుకోవచ్చు. వాడు జీవితాంతం తనను నమ్ముతూనే ఉంటాడు. ఆ నమ్మకాన్ని రోజూ మింగడం తన వల్ల కాదని ఆమెకు కాఫీ గ్లాసు పట్టుకున్నాకే తెలిసింది.

“తెలుసురా,” అంది.

“ఏం తెలుసు?”

“నువ్వు ఫోన్ చేసేసరికి ఆ పేజీ నా ముందే ఉంది. అప్పటికి చదవడం కూడా అయిపోయింది.”

వాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. “ఎన్నింటికొచ్చింది?”

“మూడూ నలభైకి.”

“నేను చేసింది నాలుగూ ఇరవైకి,” అన్నాడు వాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. “నా ముందు ముగ్గురున్నారు.” గుడ్డ తిరగేసి పట్టుకుని, “దగ్గలేదు నువ్వు,” అన్నాడు.

“లేదు.”

“నీ ఫారం?”

“నాదీ ఇవ్వలేదురా. సొరుగులోనే ఉంది.”

ఆ మాట చెబితే వాడికి కొంచెం ఊరట కలుగుతుందని ఆమె ఆశపడింది. తను కూడా పోగొట్టుకుందిగా. వాడు ఆ మాటకు తలెత్తనే లేదు. ఎడమచెయ్యి అయిపోయి కుడిచెయ్యి మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలూ మొదటి కణుపు నుంచీ తుడిచాడు. కుళాయి తిప్పి చేతులు కడిగాడు, సబ్బు రాసి మళ్ళీ కడిగాడు. మరదలు గుమ్మంలోనే నిలబడి ఒకసారి మొగుడి వైపు, ఒకసారి వదిన వైపు చూస్తోంది. తిట్టినా బాగుండు, లేచి నాలుగు కేకలు వేసినా బాగుండు అని ఆమె ఎదురుచూసింది.

వాడు లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, దాన్ని తాడు మీద సరిగ్గా ఆరేశాడు.

“పొద్దుపోతోంది,” అన్నాడు. “మీరు బయల్దేరండి. ఆలస్యమైతే బస్సు దొరకదు.”

మరదలు ఉలిక్కిపడి మొగుడి మొహం చూసింది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ వాడు అక్కను మీరని పిలిచి ఎరగడు. ఆమె గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని, “వెళ్ళొస్తానురా,” అంది. వాడు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.